మూడు సీసాలు

రోహిణి ఇంకా రాకముందే రోళ్ళు పగిలేట్టున్న ఎండలో
నల్లపాడు రోడ్డున కడుతున్న ఆసుపత్రి డాబా మీద
మూడు ఆవకాయ సీసాలు మూతలు బిగించి పెట్టాను.
ఖాళీవి కావు.
ఒక్కోదాన్లో అరచేయంత ముక్క:
పసుప్పచ్చ గాజు ఉన్ని,
గులాబి రంగు నురుగు పలక,
జిన్నింగు మిల్లు వెనక తగలేసే తుక్కుతో చేసిన దూది దిండు.
ఎండ లోపలికి రాకుండా, గోడకూ గోడకూ మధ్య
వీటిలో ఏదో ఒకటి ముప్పై ఏళ్ళు పడుకోవాలి.

కాంట్రాక్టరు శేషగిరి నవ్వాడు.
"గోడలో పూడ్చేదాన్ని ఎవడు చూస్తాడు సార్?"
నిజమే, ఎవరూ చూడరు.
పీలుస్తారు.

కాయితాల మీద మూడూ బుద్ధిమంతులే.
ముద్రలు, సంతకాలు, చుక్క తర్వాత మూడేసి అంకెలు.
వాసన చూద్దామంటే
మిర్చి యార్డు పక్కన పెరిగిన ముక్కు నాది,
ఘాటు తప్ప ఏదీ ఎక్కదు.
అందుకే సిస్టర్ మార్తమ్మను పిలిచాను,
ఇరవై ఆరేళ్ళుగా పసికందుల వార్డు ఆమెది.

మూడో మధ్యాహ్నం మూతలు తీశాం.
మొదటిది, కొత్త బీరువా తెరిచినట్టు
కళ్ళ అంచుల్లో సన్నటి మంట.
రెండోది తీసీ తీయకముందే మొహం తిప్పుకుంది.
"పాత బిల్డింగులో రంగులేసిన వారం... ఇదే."
అంతకన్నా చెప్పలేదు. నేనూ అడగలేదు.
మూడోదాన్లో చాలాసేపు ముక్కు పెట్టి
"పత్తి బోరెం," అంది,
"మా నాన్న బండి మీద నిద్రపోయినప్పటిది."

శేషగిరి అగ్గిపుల్ల గీసి దూదికి అంటించాడు.
ఆసుపత్రి కదా, ఆ భయమూ న్యాయమే.
బోరాక్సు తాగిన దూది
నల్లబడి, అలిగి, ఆరిపోయింది.
అగ్గిపుల్ల ఒక పరీక్షా అని
మరో ముక్క ల్యాబుకి పంపాను. అక్కడా ఆరింది.

అడుగుకి పదకొండు రూపాయలు ఎక్కువ.
ట్రస్టు వాళ్ళకి రెండు మీటింగులు, నాలుగు ప్లేట్ల జీడిపప్పు పట్టింది.
చివరికి పసికందుల వార్డుకీ, ఐసీయూకీ దూది.
కారిడార్లకీ, ఆఫీసు గదులకీ గాజు ఉన్ని.
గెలిచానో, సగం ఓడానో
లెక్క తేలకుండానే సంతకం పెట్టాను.

ఈలోగా మామిడికాయలు ముదిరిపోతున్నాయని
ఇంట్లో ఝాన్సీ సీసాలు అడిగింది.
చింతపండుతో ఒకసారి, వేణ్ణీళ్ళతో రెండుసార్లు
కడిగి ఇచ్చాను.
ఒక్కొక్కటే వాసన చూసింది.
ఒకదాన్ని బోర్లించి ఆరబెట్టింది.
మిగతా రెండిట్లో
మేకులు పోసుకోమంది.