నలభై సెకన్ల వీధి

కొలతలు తీసుకోవడానికి వెళ్ళాను.
మక్‌కస్కర్ మాంసం కొట్టు, అద్దం వెడల్పు
తొమ్మిదడుగుల రెండంగుళాలు.
లోపల ఖాళీ కొక్కేలు,
తలుపు సందులోంచి పడి పేరుకున్న ఉత్తరాలు,
కౌంటరు మీద ఎవరో మరిచిపోయిన ఒంటి చేతితొడుగు.

కౌన్సిల్ ఇచ్చిన ఆర్డరులో పదమూడు కొట్లు.
బూట్ల కొట్టుకి బూట్ల బొమ్మ,
రొట్టెల కొట్టుకి రొట్టెల బొమ్మ,
ఫెర్గల్ కొట్టుకి మాంసం.
"తెరిచి ఉన్నట్టు కనిపించాలి" అని రాసి
కింద గీత కూడా గీశారు.

సరస్సు ఒడ్డు హోటల్లో
తొమ్మిది దేశాల పెద్దలు కూర్చుని
లోకం ఆకలి గురించి మాట్లాడతారట.
వాళ్ళ దారి మా వీధి మీదుగానే.
పోలీసాయన స్టాప్‌వాచీ పట్టుకుని
ఖాళీ కారుతో రిహార్సల్ వేశాడు:
చర్చి మలుపు నుంచి వంతెన దాకా
నలభై సెకన్లు.

ఆ నలభైకి మూడు రాత్రులు
నా మెషీను కన్ను మూయలేదు.
ఉన్నవి నాలుగే రంగులు.
నీలం, గులాబి, పసుపు, నలుపు.
వాటితోనే పంది తొడ, సాసేజీల దండ,
పక్కన పచ్చటి ఆకు, ధర చీటీ.
ధర ఎంత వెయ్యమంటారని ఫోన్ చేశాను.
అవతల కాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది.
"చదవడానికి వీల్లేకుండా వెయ్యండి."

వాన వెలిసిన సందులో అతికిస్తున్నాను,
బుడగ రాకుండా రబ్బరు పలకతో నిమురుతూ.
ఊనా వచ్చి నిలబడింది, ఫెర్గల్ భార్య.
ఇప్పుడు హోటల్లో దుప్పట్లు మడుస్తోంది.
తిడుతుందనుకున్నాను.
"ఆయన సాసేజీలు ఎడమ పక్కన కట్టేవాడు"
అంది, అంతే,
సంచి మోచేతికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి బొమ్మని అద్దంలోలా తిప్పాను.
ధర చీటీ తిరగబడింది.
చదవడానికి కాదు కదా, ఏమైంది.
కాగితం ఖర్చు నాదే.
బిల్లులో రాయలేదు.

ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావిడి అంటారు.
మా వీధిలో హడావిడంతా మనుషులదే;
ఉన్న ఒక్క కుక్క, పోస్టాఫీసుది,
ఫెర్గల్ కొట్టు ముందుకొచ్చి
పంది తొడని ఒకసారి వాసన చూసింది,
అద్దాన్ని ఒకసారి నాకింది,
నా వైపు తిరిగి చూసింది.
ఆ చూపుకి నా దగ్గర జవాబు లేదు.

అప్పుడొచ్చాయి కార్లు.
ఇరవై ఏడు లెక్కపెట్టాను.
వాళ్ళ అద్దాలకి నలుపు,
మా అద్దాలకి మాంసం.
ఎవరు ఎవర్ని చూశారో
ఇప్పటికీ తెలియదు.
నలభై కూడా పట్టలేదు, ముప్పై ఒకటే.
మిగిలిన తొమ్మిది సెకన్లు
వీధిలోనే ఉండిపోయాయి,
ఏం చేసుకోవాలో మాకు తోచక.

రాత్రి టీవీలో
టైలు విప్పిన పెద్దలు వరసగా నిలబడి నవ్వారు.
వెనక మా సరస్సు.
కోలుకుంటున్న గుర్తులు కనబడుతున్నాయన్నారు.
ఎక్కడ కనబడ్డాయో చెప్పలేదు.
నేను నా చేతులకేసి చూసుకున్నాను.
గోళ్ళ కింద గులాబి.

అతికించడానికే ఆర్డరు, తీయడానికి లేదు.
నాలుగు వేసవులు గడిచాయి.
మా ఐర్లండ్‌లో ఎండ తక్కువంటారు గానీ
తినేవి తింటూనే ఉంటుంది.
గులాబి ముందు పోతుంది, తర్వాత పసుపు.
నీలం మొండిది.
ఇప్పుడా తొడ నీలం, సాసేజీలు నీలం,
పచ్చటి ఆకూ నీలమే.
పడవవాడి మనవరాలు అడిగింది,
ఇవి ఏ సముద్రంలో చేపలని.

కింద కుడి మూల అతుకు వీడింది.
వంగి, ఒక కన్ను మూసి చూస్తే
కౌంటరు మీద
ఆ తొడుగు ఇంకా అలాగే ఉంది,
వేళ్ళు కొంచెం పైకి లేచి,
ఎవరికో చిల్లర ఇవ్వబోతున్నట్టు.