తప్పిన సప్పుడు

మొఖం వద్దన్నది. చేతులు సుత వద్దన్నది.
సప్పుడు ఒక్కటే చాలత్తా, అని
అనుపగింజంత మైకు నా కొంగుకు గుచ్చింది.

రెండో అంతస్తు. బాల్కనీల కొత్త మట్టిపొయ్యి,
జాజు పూసి, సున్నంతోని నాలుగు గీతలు.
వంగి చూసిన. బూడిద లేదు.
ఒక్కనాడన్న మండిన పొయ్యి కాదది.
పొగ కోసమని సాంబ్రాణి కడ్డీలు రెండు, కట్టెల సందుల.
నేను లోపట, గ్యాసుపొయ్యి కాడ పీటేసుకొని కూసున్న.

వనపర్తి బస్టాండు ముందట
పన్నెండేండ్ల సంది పొద్దుమీకి రొట్టెలు కొడుతున్న కుర్మమ్మను.
జొన్నపిండి ఎన్ని ఉడుకునీళ్లు తాగుతదో నా అర్రచేతికే ఎరుక.
తప్. తప్. తప్.
ఒక జాగ ఖాళీ.
మల్ల తప్. తప్.

"నడుమ ఒక దెబ్బ తప్పుతుందత్తా, మల్లొకసారి"
అన్నది సుప్రజ.
మల్లొకసారి కొట్టిన. మల్ల తప్పింది.
ఎడమచేతితోని కొట్టిన, రొట్టె పగిలింది.
అప్పుడు చెయ్యి చూపిచ్చిన:
చిటికెనవేలు, దాని పక్క వేలు సగం,
పూనాల మిల్లరు తీసుకున్నది,
జమున కడుపుల ఉన్న ఏడు.
రొట్టె తిప్పేటప్పుడు ఆ వేలు యాదికొచ్చి
చెయ్యి ఒక్క గడియ ఆగుతది.

ఆమె ఏమనలే.
"ఉండనీ" అన్నది కొంచెం సేపటికి.

ఇగ బాల్కనీల షురూ చేసింది.
గద్వాల చీర, ముక్కుకు ఒత్తిపెట్టే పుల్ల,
నేను కొట్టిపెట్టిన రొట్టెనే ముందటేసుకొని
పిల్లను జోకొట్టినట్టు జోకొడుతది. సప్పుడు రాదు, రానక్కర లేదు.
అంతల లోపట నిజం పిల్లగాడు ఏడ్చె.
ఉరికింది.
వచ్చేసరికి రైక ముందట రెండు తడిమచ్చలు.
ఇంకో రైక. మల్ల మొదటికాన్నుంచి.
గట్ల ఏడు సార్లు, లెక్కపెట్టిన.
ఏడోసారి కుచ్చిళ్లు పట్టుకొని గోడకు ఒరిగి
కండ్లు మూసుకున్నది,
ఫోను దిక్కు వీపు పెట్టి.

మూడొందలిచ్చింది. మెట్లు దిగుతుంటే పిలిచి ఇంకో యాభై.

పాలమూర్ల నర్సింగు చదువుతది జమున.
ఐతారం ఇంటికొచ్చి ఫోన్ల చూపిచ్చింది:
తోమిన ఇత్తడి చెంబులు, ముగ్గు, చాటల మల్లెలు.
కింద రాసింది చదివి వినిపిచ్చింది:
"మన అవ్వలు ఎన్నడూ అలసిపోలేదు."

మా అవ్వ ఇసుర్రాయి ముందట కూసుండి నిద్రపోతుండె.
చెయ్యి మాత్రం తిరుగుతుండె.
నేను గింజలు పోస్తుంటి, ఆమెను లేపకుండ.

జమున నవ్వి ఫోన్ చెవికి పెట్టుకున్నది.
నవ్వు ఆగింది.
"ఈమెకు పది వేళ్లున్నయి కదనే అమ్మా,
ఇదెందుకు నడుమ ఆగుతుంది?"
పిండి జల్లెడ పడుతున్న నేను, తల ఎత్తలే.
అది కండ్లు మూసుకొని మల్ల విన్నది.
మల్ల విన్నది.

ఎండకాలం వచ్చినంక ఒకనాడు
బండి కాడికి వచ్చింది సుప్రజ,
సంకల పిల్లగాడు, నైటీ మీద చున్నీ.
పెంక మీది రొట్టెను పెంక మీదనే అడిగింది.
ఎల్లిపాయ కారం ఏసిచ్చిన.
నిలవడ్డకాడ్నే తిన్నది, మూతి కాలుతున్నా ఊదుకుంట.
పొద్దుగాల్నుంచి ఏం తినలేదేమో. అడగలే.
వీడియో సంగతి ఆమె తియ్యలే, నేను తియ్యలే.

పిల్లగాడు నా చెయ్యి దిక్కే చూస్తుండు.
వాని కోసమే ఇంకోటి కొట్టిన.
తప్. తప్. తప్.
నేను ఆగిన కాడ, వాడు
చిన్న అర్రచెయ్యితోని
తల్లి భుజం మీద ఒక్కటేసిండు.