తువ్వాలు

వల్పరాయిసోలో మా కొండకి నూటపన్నెండు మెట్లు.
దోన్ హెర్మీనియో మోకాళ్ళు ముప్ఫయ్యో మెట్టు దగ్గర మొరాయిస్తాయి.
అందుకే కిందనుంచే కేకేశాడు:
"ఆలోచించుకో రోసాల్బా, శనివారం దాకా టైముంది.
సరే అనుకుంటే ఆ తువ్వాలు నీ తీగ మీద ఆరెయ్,
నా కిటికీలోంచి కనబడుతుంది.
వద్దనుకుంటే ఏమీ చెయ్యకు.
నేనేమీ అనుకోను."

తువ్వాలుని రొట్టెల కుర్రాడు తెచ్చిచ్చాడు.
మూడు రాత్రులు దాని మీదే పడుకున్నాడట అల్మిరాంతె.
ముసలాయన తన పిల్లిని 'వాడు' అంటాడు.
పేరుకి నౌకాదళాధిపతి,
ఇంతవరకూ పడవ ఎక్కిన పాపాన పోలేదు.
నారింజరంగు ఒళ్ళు, సగం తెగిన చెవి,
సార్డీన్ల డబ్బా మూత చప్పుడైతే తప్ప
ఎవరి మాటా వినడు.

కిల్పువే వృద్ధాశ్రమంలో ఒక మంచం ఖాళీ అయింది.
మంచానికి ఒక మనిషి, మనిషికి ఒక పెట్టె.
పిల్లి ఊసు ఆ కాగితాల్లో ఎక్కడా లేదు.

నేను బడిపిల్లల కోట్లకి గుండీలు కుడతాను.
కుడుతూ కుడుతూ లెక్కలు వేశాను.
గ్యాసు బండ ధర మళ్ళీ పెరిగింది.
ఉన్నది ఒక గది, ఎండ పడే కిటికీ ఒకటే,
ఆ కిటికీ పదమూడేళ్ళుగా సెనీసాది.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు,
మా ఇల్లు ఒర కన్నా ఇరుకు.
పిల్లి శాపాలకి ఉట్లు తెగవని కూడా అంటారు గానీ
సెనీసా కోపంగా చూసిందంటే
నా మిషన్‌లో దారం తెగుతుంది.

అసలు లెక్క అది కాదు.
దానికి మూత్రపిండాలు బాగోలేవు.
నా దగ్గర ఒక్క చావుకి సరిపడా ఏడుపు మాత్రమే ఉంది,
అది దానికోసం దాచాను.
రెండోదానికి ఎక్కడ అప్పు తేను?

అయినా తువ్వాలు మూలన పరిచాను.
ముందు వాసన పరిచయం కావాలంట,
మనుషులు పెళ్ళిచూపులకి ఫోటో పంపినట్టు.
సెనీసా వచ్చింది. చుట్టూ తిరిగింది.
ఒక అంచుని మెల్లగా, చాలా మర్యాదగా వాసన చూసింది.
నా గుండె కాస్త ఎగిరింది కూడా.
అప్పుడది సరిగ్గా నడిమధ్యకి వెళ్ళి
నా కళ్ళలోకి చూస్తూ
ఉచ్చ పోసింది.

ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెబుతారు?
పీడా పోయింది అనుకున్నాను.
సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికాను,
ఊరివాడి తువ్వాలు కంపుతో ఎలా తిరిగివ్వను,
పిండి, దులిపి,
ఎప్పటిలాగే బాల్కనీలోకి వెళ్ళి
తీగ మీద వేసి రెండు క్లిప్పులు పెట్టాను.

టీ నీళ్ళు మరుగుతున్నప్పుడు గుర్తొచ్చింది.

కిందికి చూశాను.
దోన్ హెర్మీనియో కిటికీ బార్లా తెరిచి ఉంది.
గుమ్మంలో వెదురుబుట్ట.
చొక్కా చేత్తో దాని దుమ్ము తుడుస్తున్నాడు,
తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు.
గురువారం అది, ఇంకా రెండు రోజులుంది.
గాలికి తువ్వాలు పడవ తెరచాపలా ఉబ్బి
ఊరందరికీ నా తరఫున మాటిచ్చేస్తోంది.

పరుగెత్తాను.
ఒక క్లిప్పు తీసి పళ్ళ మధ్య పెట్టుకున్నాను.
రెండో దాని మీద చెయ్యి వేశాను.
ఏమని అరవాలి, అంత దూరం?
పొరపాటు, దోన్ హెర్మీనియో, ఉతికానంతే?
పళ్ళ మధ్య క్లిప్పుతో ఎవరు అరవగలరు?

ఆయన బుట్ట ఎత్తుకున్నాడు.
చెక్క రైలింగు పట్టుకుని
ఒక మెట్టు, ఆగి, ఇంకో మెట్టు.
బుట్టలోంచి ఒకటే గోల, దారిపొడుగునా తిట్లు.
నేను లెక్కపెడుతున్నాను,
గుండీలు లెక్కపెట్టే అలవాటు మరి.
ఇరవై ఎనిమిది.
ఇరవై తొమ్మిది.
ముప్ఫై దగ్గర నిలబడి నుదురు తుడుచుకున్నాడు.

ముప్ఫై ఒకటి.

చెప్పులు దొరకలేదు.
తువ్వాలు ఒంటి క్లిప్పు మీద కొట్టుకుంటోంది.
కిటికీలో సెనీసా,
తోక చివర మాత్రమే కదులుతోంది.
"అలా చూడకు" అన్నాను దానితో,
వట్టి కాళ్ళతో మెట్లు దిగుతూ,
క్లిప్పు ఇంకా నోట్లోనే.