ఆగస్టు నీళ్లు

ముందు నీళ్లు, దస్తగిరమ్మా.
పిండి కాదు, ముందు నీళ్లే.
సంగటికి ఎసరు పెట్టినట్లే అనుకో,
కాకపోతే ఈ ఎసరు కాగకూడదు.

సాల్మియాలో మా ఇంటికి ఆ మిషను వచ్చిన రోజు
అట్టపెట్టె మీద బాగా పొంగిన రొట్టె బొమ్మ,
లోపల పుస్తకం, సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు.
నాకు రెండూ రావు.
మామా మునీరాకు కళ్లు ఆనవు.
ఆమె చదివినట్లు పెదాలు ఆడించింది,
నేను తెలిసినట్లు తలూపినా.

మొదటి రొట్టె ఇటుక.
రెండోదీ ఇటుకే, కొంచెం ఎర్రగా కాలింది.
మూడోదాన్ని డ్రైవరు షంసుద్దీను చేత్తో ఎత్తి చూసి
బండి చక్రానికి అడ్డం పెట్టుకుంటా, ఇస్తావా అన్నాడు.
కొడుకు ఫైసల్, మిషను వాపసు ఇచ్చేద్దాం అన్నాడు.

తప్పు మిషనుది కాదు.
ఆ రాత్రి గిన్నెలు తోముతా చెయ్యి చురుక్కుమంటే తెలిసింది.
ఆగస్టులో ఈ దేశంలో
చల్లనీళ్ల కొళాయి అనేది పేరుకే.
మిద్దె మీద ట్యాంకు పగలంతా ఉడికి
అర్ధరాత్రి కూడా సెగ కక్కుతుంది.
ఈస్టు ప్రాణమున్న పొడి, దస్తగిరమ్మా.
ఆవగింజలో సగం లేని గింజలు, నిద్రపోతా ఉంటాయి.
గోరువెచ్చన తగిలితే లేస్తాయి.
వేడి తగిలితే ఇంక లేవవు.
మూడు రోజులు వాటి నెత్తిన వేన్నీళ్లు పోసి
ఎందుకు లేవలేదని నేనే తిట్టినా.

అందుకే గీజరు.
జూన్‌లో స్విచ్చి ఆపేసినది,
ఏసీ గాలికి దాని కడుపులో నీళ్లు చల్లబడి ఉంటాయి.
ఎర్ర గుర్తు కొళాయి తిప్పు.
పసిబిడ్డ పాలు చూసినట్లు మణికట్టు మీద పోసుకో.
వేడీ తెలియకూడదు, చలీ తెలియకూడదు.

ఉప్పు ఒక మూలకు.
దానికీ ఈస్టుకూ పడదు,
ఒకే గిన్నెలో ఉండాల, ఎదురుపడకూడదు,
నేనూ ఇథియోపియా పిల్ల అల్మాజూ
మొదటి నెలంతా ఒకే వంటింట్లో తిరిగినట్లు.
పోనీ ఉప్పే మానేద్దామా? అదీ చేసి చూసినా.
పిండి పొంగి పొంగి మూత తాకి
నడుమ కూలబడింది, వానకు నానిన మట్టిమిద్దె మాదిరి.
పొంగేదానికి ఒక పగ్గం కావాల.

నూనె ఇంకో మూలకు. చక్కెర ఒక్క చెంచా,
లేకుంటే ఖర్జూర పాకం, రంగు బాగా తేలుతుంది.
రెండో చెంచా వేస్తే
మామా షుగరు డాక్టరు నన్ను అడుగుతాడు.

పిండి మాట విను.
జమియాలో మూడు రకాల సంచులుంటాయి.
కేకుల మైదా వద్దు, దానికి చేవ లేదు.
రొట్టె పిండి అడుగు. తడిపి, చిటికెడు సాగదీసి చూడు,
తెగకుండా వెలుతురు కనపడేంత పలచన కావాల.
గాలిని పట్టుకునేది ఆ సాగుడే.
ఒకసారి మా అక్క పంపిన రాగిపిండి సగానికి సగం కలిపినా.
రాగికి బలముంది, పట్టు లేదు.
గాలి వచ్చిన దోవనే పోయింది.
ఇప్పుడు గుప్పెడే వేస్తా. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు,
ఫైసల్ మాత్రం మునుపటికంటే ఒక ముక్క ఎక్కువ తింటాండాడు.

పిండి గుట్టగా పొయ్యి,
నెత్తిన వేలితో గుంట చెయ్, నీళ్ల దాకా దిగకుండా.
ఈస్టు ఆ గుంటలో. మూత వెయ్యి.

పది నిమిషాలకు ఒకసారి తెరిచి చూడు.
ఉండ గిన్నెకు అంటుకోకుండా తిరగాల.
సముద్రపు గాలికి గోడలు చెమర్చిన రోజు
పిండి తక్కువ తాగుతుంది,
దుమ్ము లేచిన రోజు ఒక చెంచా ఎక్కువ.
ఇది పుస్తకంలో ఉందో లేదో నాకు తెలీదు.

నాలుగో రొట్టె లేచింది.
బోర్లించి తడితే డొల్ల చప్పుడు.
తిప్పే రెక్క ఇరుక్కున్నచోట అడుగున ఒక చిల్లు, ఎప్పుడూ ఉండేదే.
ఆ ముక్క నాకని పక్కన తీసిపెడితే
మామా మునీరా చెయ్యి చాపి తీసుకుంది,
కంటికి ఆనించి ఆ చిల్లులోనుంచి నన్ను చూసి
"ఇప్పుడు కనపడుతున్నావు" అనింది,
కొరికింది, తిరిగి ఇవ్వలేదు.

సరే, ఫోను పెట్టేస్తాండా.
మీ ఇంట్లో గీజరు ఆపినారా?
ముందు అది చూసుకో.