మార్జిను

సిమెంటు కంపెనోళ్ల లక్కీ డ్రాలో
బేల్దారి గంగులప్పకు ఒక డబ్బా తగిలింది.
నల్లది, అగ్గిపెట్టె కన్నా రవ్వంత పెద్దది,
టీవీకి తగిలిస్తే సినిమాలు ఆడించేదంట.
టీవీ లేనోడికి ఇచ్చినారు దాన్ని,
జీను మాది, గుర్రం నువ్వు తెచ్చుకో అన్నట్టు.

ఆదివారం మధ్యాన్నం, ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డులో
మా డీటీపీ అంగడికి చంకలో పెట్టుకోని వచ్చినాడు.
అంగడి అనేది ఇప్పుడు బోర్డు మీది మాటే.
పెండ్లి పత్రికలు ఫోన్లోనే పంపుకునే కాలమొచ్చినాక
నాకు మిగిలింది ఒక జిరాక్సు మిషను,
పదిహేడంగుళాల మానిటరు ఒకటి.
వెనక గూని ఉండే రకం,
ఎత్తినోనికి నడుము గుర్తుచేసే రకం.

"దీనికి తగిలించప్పా ఓబులేసూ" అన్నాడు.

డబ్బా తీగకు పెదాలు బిగించిన చప్పిడి మూతి.
మానిటరు తీగకు మూడు వరసల్లో సన్నని సూదులు.
అది అంకెల్లో మాట్లాడుతుంది,
ఇది అలల్లో చెప్తే తప్ప వినదు.
రెండూ రెండు చేతుల్లో పట్టుకోని
"వాకిలి కొలత వేరు, తలుపు కొలత వేరు,
నడాన చెక్క కొట్టాల" అన్నాడు గంగులప్ప.
ఆ చెక్క పేరు కన్వర్టరు.
సెల్ పాయింటులో నాలుగు నూర్లు,
కొంచేపు అలిగి కూచుంటే మూడు నూటా ఇరవై.

తగిలిస్తే అంతా నలుపు.
ఆ నలుపులో ఒక చిన్న గడి
ఈగ మాదిరి ఈ మూలకూ ఆ మూలకూ తిరుగుతా
"అవుట్ ఆఫ్ రేంజ్" అంటాంది.
ఇంత పెద్ద బొమ్మ నా వల్ల కాదు అని దాని అర్థం.
పండ్లు లేని నోటికి ముద్ద చిన్నది చేసి పెట్టాల.
చిన్నది చేసే మీటేమో
ఆ కనపడని బొమ్మ లోపలే ఉండాది.

డబ్బా ఎత్తుకోని పక్కన మాబాషా సెలూనుకు పోయినాం.
సగం గడ్డం నురగతో ఒకాయన కాచుకోనుంటే
గోడ టీవీకి తగిలించి, మెట్టు మెట్టు దించి,
ఏడు నూటా ఇరవై గీతల కాడ ఆపి, మళ్లా పరిగెత్తినాం.

వచ్చినాది!
కాకపోతే మనుషులంతా సన్నగా, తాటిచెట్ల మాదిరి.
గంగులప్ప ఒక కన్ను మూసి, గుండుదారం వేలాడదీసినట్టు చూసి
"నిలువు తప్పు లేదు, అడ్డమే కుదించకపోయినాది" అన్నాడు.

మాట మాత్రం లేదు.
ఆ తీగలో రంగులకే దారి, గొంతుకు లేదు.
కన్వర్టరు పక్కన కమ్మ బెజ్జమంత సందు దొరికితే
అటక మీది పాత స్పీకరు దించి గుచ్చినా.
గుర్రుమని, దగ్గి,
ఎవురో యాడనో మాట్లాడినారు.

టీ చెప్పి వచ్చేలోపల తెర మారిపోయినాది.
చెయ్యి తగలకుంటే ఈ డబ్బా కునుకు తీస్తుందంట.
దానికొచ్చే కల సముద్రం.

తెర నిండా నీలం, ఒకదాని మీద ఒకటి లేస్తా.
చప్పుడు లేదు.
అంత పాటు పడి గొంతు పెడితే
మూగ సముద్రం వచ్చి కూచుంది.
నేను రిమోటు అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టినాడు.
"ఉండనీ."
ముప్పై ఏండ్లు పెన్న ఇసుక జల్లెడ పట్టినోడు,
ఆ ఏరు పోయి కలిసే చోటు ఎన్నడూ చూడలేదంట.

కొంచేపటికి అడిగినాడు,
"నీళ్లల్లో ఈ గీత ఏంది?"

పద్దెనిమిదేండ్లు నేను తెరిచిపెట్టిన పేజీ అది.
శుభలేఖ చట్రం. అదే వెలుగు అదే చోట తగిలి తగిలి
గాజు లోపల కమిలిపోయినాది.
దగ్గరికి పోతే మూలల్లో పూలతీగ,
కింద "మీ రాక మాకెంతో" వరకు చదవొచ్చు.

"ఎన్నిసార్లు సున్నం కొట్టినా
పాత చెమ్మ తేలుతుందిలే" అన్నాడు, నాకు ధైర్యం చెప్తున్నట్టు.
"మార్జిను" అన్నా నేను.
"దానికి అవతల అచ్చు పడదు.
ఎంత పొడుగు ఇంటిపేరైనా లోపలే ఇమడాల."

టీ మీద మీగడ కట్టింది.
వాడు గ్లాసు ముట్టలేదు.
ఒక అల లేచి, పెండ్లికొడుకు పేరుండే చోటు మీద పొర్లి,
నురగ కక్కుకుంటా అంచు దాకా వచ్చి...

"దాటింది చూడు" అన్నాడు.

ఇంకొకటి లేచింది.

"ఇదీ దాటింది."