మూడో గది

మొన్న రాత్రి మూడో గది థర్మోస్టాట్
అబద్ధం ఆడుతూ దొరికింది.
డబ్బా మీద ఆరు.
లోపల తిరిగి బయటికొచ్చాను,
నా కళ్లద్దాలకు ఆవిరి పట్టలేదు.
మే నెల గుంటూరులో
అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?
పాదరసం గొట్టం తెచ్చి టిక్కీల మధ్య దోపితే
పదమూడు.

పదమూడంటే ఏమిటో
ఏటుకూరు రోడ్డులో టీ కాచేవాడు కూడా చెబుతాడు.
తేజా రంగు దిగుతుంది,
పురుగు నిద్ర లేస్తుంది,
దీపావళి దాటాక బస్తా కోసినప్పుడు
కొనేవాడు పెదవి విరుస్తాడు.
ఆ విరుపు ఖరీదు రైతు కడతాడు.

వారం కిందట గంటా పేరమ్మ వచ్చింది.
కౌలు పొలం, నలభై ఒక్క టిక్కీలు.
ఇనప తలుపు మీద అరచెయ్యి ఆనించి
"చల్లగానే ఉందా తల్లీ?" అంది.
నేను డబ్బా వైపు చూసి
"ఆరు" అన్నాను.

యజమాని ఫోన్లో,
"ఎనిమిది వందల్లో ఏదో ఒకటి పట్రా."

నాగుల్ మీరాను తోడు తీసుకుని బెజవాడ బస్సెక్కాను.
నలభై ఏళ్లు కంప్రెసర్ల పక్కన నిలబడి
కుడిచెవి వాటికే ఇచ్చేసిన మనిషి.
ఏం చెప్పినా ఎడమచెవి తిప్పి వింటాడు.

గవర్నరుపేటలో కొట్టు కుర్రాడు
ముందు ఫోన్లో కనిపించేది తీశాడు.
"మేడమ్, మీరు తిరుపతిలో ఉన్నా
గది చల్లదనం చూసుకోవచ్చు."
నేను తిరుపతిలో ఉంటే
గది దగ్గర ఎవరుంటారు బాబూ?

నాగుల్ మీరా ధర అడగలేదు, కంపెనీ అడగలేదు.
సోడా బండి నుంచి గ్లాసుడు దంచిన ఐసు తెప్పించి
కాసిని నీళ్లు పోసి
నాలుగు డబ్బాల తోకలు అందులో ముంచాడు,
సంతలో ఎద్దు పళ్లు చూసేవాడిలా
తీరిగ్గా.

ఒకటి రెండంది.
ఒకటి మూడు దగ్గరే ఆగి మొండికేసింది.
ఎర్రంకెలది సున్నా అని, ఒకటని, మళ్లీ సున్నా అని
ముహూర్తం ముందు మనసు మారే పెళ్లికొడుకులా ఊగింది.
బూడిదరంగుది, మొద్దు బొత్తాలది,
మెల్లగా దిగి
సున్నా మీద కూర్చుంది.

"అప్పుడే సంబరపడకు" అని
దాని తోక తీసి నా టీలో ముంచాడు.
అరవై ఎనిమిది.
మళ్లీ ఐసులోకి.
కుర్రాడు కూడా బల్ల మీదికి వంగాడు.
సున్నా.

"ఎంత తేడాకి కొట్టుకుంటుంది ఇది?
అర డిగ్రీకే ఉలిక్కిపడేదైతే
మోటారు ప్రాణం తీస్తుందమ్మా.
రెండు డిగ్రీలైనా ఓర్చుకోవాలి."
మా అత్తగారి దగ్గర నేను ఎన్ని ఓర్చుకున్నానో
లెక్క మొదలుపెట్టి మానేశాను.

"కరెంటు పోయొస్తే పెట్టిన అంకె గుర్తుంటుందా?"
కుర్రాడు ప్లగ్గు పీకాడు, పెట్టాడు.
గుర్తుంది.
చివరికి డబ్బాను ఎడమచెవికి ఆనించుకుని
"తిప్పు" అన్నాడు.
టక్.
"ఇంకోసారి."
టక్.
కళ్లు మూసుకునే తలూపాడు.

రెండు వేల మూడు వందల నలభై.
నా చీటీ డబ్బు వెయ్యి తీశాను.
నాగుల్ మీరా ఎటో చూస్తూ
చొక్కా లోపలి జేబులోంచి ఐదు వందల నలభై
బల్ల మీద పెట్టాడు.
టీ డబ్బులు మాత్రం నన్నే ఇమ్మన్నాడు,
పాడు చేసింది తనే అయినా.

రాత్రి పదింటికి బిగించాం.
యజమాని ఫోన్ చేశాడు, "ఎంతయింది?"
ఎనిమిది వందలన్నాను.
ఇక ఆ గదిలో మిగిలిన అబద్ధం
అదొక్కటే.

తెల్లవారుజామున లోపలికి వెళ్లి
పేరమ్మ టిక్కీల దగ్గర కాసేపు నిలబడి
బయటికొచ్చాను.
అద్దాలు తెల్లగా కమ్ముకుపోయాయి.
హమాలీల మాటలు వినిపిస్తున్నాయి, మనుషులు కనపడటం లేదు.
కొంగుతో తుడుచుకోవచ్చు.
తుడుచుకోలేదు.