బి సైడు, మూడో పాట

తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరు బండి
మా కందిచేన్ల రాత్రంత తవ్వింది.
మూడొందల ఇరవై ఫీట్ల దాకా దుబ్బే.
తెల్లారంగ రాడ్లు ఊడబీకి వాళ్ళు పోతుంటే
సెల్వమనే హెల్పరు పిల్లగాడు
చాయి బాకీ పదకొండు రూపాల కింద
ఒక క్యాసెట్ కుదువ పెట్టిండు.
మళ్ళ రాలే.
ఆ బోరుల మాకు పడ్డది అదొక్కటే.

అట్ట మీద బొమ్మ సగం అరిగింది.
ఒక మంట, పక్కన గుర్రమో దయ్యమో.
పేరున్న కాడ గ్రీజు వేలిముద్ర.
నల్లగొండ పోయినప్పుడు మొయిజ్ భాయి దుకాణంల ఏపిస్తే
"ఇది పాటనా, యాక్సిడెంటా" అని
రెండు నిమిషాలకే తీసి చేతిల పెట్టిండు.

పర్వతాలుకు అప్పుడు ఇరవై మూడేండ్లు.
మెడ తిరగదు.
పక్కకు చూడాలంటే మనిషంత తిరగాలె,
తలుపు తిరిగినట్టు.
మా చేదబాయి నీళ్ళు
మా అందరి పండ్ల మీద పసుపు గీతలు గీసి ఊకున్నయి,
వాని బొక్కలల్ల దాకా పోయినయి.

జాంగీర్ మామ మోటరు కొట్టంల
రాత్రి పదకొండుకు కరెంటొచ్చేది.
స్టార్టరు డబ్బా మీద టేపురికార్డరు పెట్టి గుండీ ఒత్తినం.
పాట మొదలైందనొద్దు, మీద పడ్డది.
టిప్పరు కంకరంత ఒక్కసారే గుమ్మరించినట్టు,
అయితే ఒక్క రాయి గూడ వరుస తప్పనట్టు.
జడుసుకొని బందు చెయ్యబోయిన.
"ఉండనీ" అన్నడు పర్వతాలు.

రెండు గిటార్లు.
ఒకటి బండను కోస్తది,
ఇంకోటి ఆ కోసిన సందుల నుంచి
మా బోరుల రాని నీళ్ళ లెక్క ఎగజిమ్ముతది.

ఆ పాటల మాటలు నాకిప్పటికీ తెల్వయి.
ఒక్కటి మాత్రం సమజైంది.
ఆ పాడేటోడు నన్ను ప్రేమించుమని ఎవ్వరినీ అడుక్కోడు.
అంతా మంచిగైతదని అనడు.
డాక్టర్లన్నరు, ఓట్లకొచ్చినోళ్ళన్నరు,
సీసాలల్ల మా నీళ్ళు పట్టుకపోయినోళ్ళన్నరు.
వాడనడు. ఒర్రుతడు.
ఆ ఒర్రుడుకు తాళమున్నది.
లెక్క తప్పని కోపం నేను వినుడు అదే మొదలు.

నా మెడ దానంతటదే ఊగింది.
జుట్టు కండ్లల్ల పడంగ, శివమొచ్చినోని లెక్క ఊపిన.
మధ్యల యాదికొచ్చి ఆగిన.
వాడు గోడకు ఆనుకొని నన్నే చూస్తున్నడు.
"ఎందుకాగినవ్‌రా,
నా వంతు గూడ నువ్వే ఊపు."

పొద్దున చూస్తే వాడు నిలబడ్డ కాడ
బొటనేలు కొట్టి కొట్టి మట్టిల చిన్న గుంత.

ఎండకాలం రీలు చుట్టుకున్నది.
బి సైడు మూడో పాటల జానెడు నలిగింది.
కోసి పారేసి, వాళ్ళ చెల్లె గోళ్ళరంగుతోని
వంగని వేళ్ళతోనే అతికిచ్చిండు వాడు.
రెండు గంటలు పట్టింది, నన్ను ముట్టనియ్యలే.
అప్పటి సంది ఆ పాటల
అరుపు మొదలైతది, పైకి పైకి పోతది,
ఆడికెల్లి టక్కున డ్రమ్ము మీదికి దుంకుతది.
"వీడు ఊపిరే తీసుకోడారా" అని
ప్రతిసారి అనేటోడు పర్వతాలు, మురిసిపోతూ.

వాడు పోయి పద్దెనిమిదేండ్లు.
ఊరికి కృష్ణా నీళ్ళొస్తున్నయి, నల్లా తిప్పితే చాలు.
మొన్న మా బిడ్డ అరిగిన అట్టను ఫొటో తీసి
ఫోన్ల ఎట్ల దేవులాడిందో, దొరకబట్టింది.
గుర్రం కాదు, దయ్యం కాదంట,
కొలిమి కాడ వంగిన మనిషి.
ఏ సైడు లేదు, బి సైడు లేదు.
ఏడో నంబరు అని ఉన్నది.

అరుపు మొదలైంది.
దుంకుతదనుకున్న కాడ దుంకలే.
ఇంకా పైకి పోయింది, పగిలింది,
సన్నగైంది, ఆగింది.
తర్వాత, డ్రమ్ముకు ముందల,
వాడు ఊపిరి తీసుకున్నడు.

నాలుగు సెకండ్లు.

చెప్పుదామని
మెడ తిప్పలే నేను,
మనిషంత తిరిగిన.